కోడెలకు ఓనమాలు

రౌతు కొద్దీ గుర్రం అన్నారు పెద్దలు. కళ్లెం పట్టినవాడికి చేతకాకపోతే ఎంత మేలుజాతి గుర్రమైనా మొరాయిస్తుంది. అదే సామెతను గిద్దలూరు వైపు వెళ్లి చెప్పాలంటే గుర్రాన్ని తీసేసి ఎద్దును పెట్టాలి. ఎందుకంటే నల్లమల కింద ఉన్న ఈ పల్లెల్లో బరువు లాగిందీ, నేల దున్నిందీ, విత్తనం వేయించిందీ ఎద్దే. గుర్రం ఇక్కడ ఎప్పుడూ దొరల వాహనమే. ఇప్పుడైతే పెళ్లి ఊరేగింపులో తప్ప కనిపించదు.

మూడేళ్ల కోడె పుట్టుకతోనే సేద్యం నేర్చుకుని రాదు. ఎవరో ఒకరు దాన్ని కాడికి మరపాలి. మరపడం అంటే అలవాటు చేయడం, శిక్షణ ఇవ్వడం. పిల్లాడి చేత పలక పట్టించి అఆలు దిద్దించినట్టే ఇదీ. ఎంత ఓపిక కావాలో అంత ఒడుపు కావాలి. పలకలంటే గుర్తొచ్చింది... రాష్ట్రమంతా ఓనమాలు దిద్దిన పలకలు పక్కనున్న మార్కాపురం నుంచి వచ్చినవే. పిల్లల పలకలు ప్లాస్టిక్‌వి అయిపోయాయి. కోడెల చదువు కూడా తగ్గిపోతోంది. చదువు చెప్పగలిగిన చేతులు మాత్రం ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి.

గుర్రం ఎందుకు దున్నలేదు?

ఐరోపాలో శతాబ్దాల తరబడి పొలాలు దున్నింది గుర్రాలే కదా, మరి మన దగ్గర ఎందుకు దున్నలేదు? సమాధానం ఎద్దు మూపురంలో ఉంది. మన పశువులకు భుజాల మీద మూపురం ఉంటుంది. దాని ముందు మెడ మీద అడ్డంగా ఒక దుంగ పెడితే చాలు, జారిపోకుండా నిలబడుతుంది. అదే కాడి. ఊళ్లోని వడ్రంగి చెక్కి ఇస్తాడు. గుర్రానికి మూపురం లేదు. అది ఛాతీతో, భుజాలతో నెట్టుకుంటూ లాగుతుంది. దానికి మెత్త కుట్టిన పట్టెడ కావాలి, తోలు పటకాలు కావాలి. పట్టెడ సరిగా లేకపోతే గొంతు నొక్కుకుపోతుంది.

రెండోది తిండి. పని చేసే గుర్రానికి గడ్డి ఒక్కటే చాలదు, గింజ పెట్టాలి. ఎద్దు మనిషి తినలేని చొప్పను తిని, నెమరు వేసి, దాన్నే బలంగా మార్చుకుంటుంది. జొన్న మనిషికి, చొప్ప ఎద్దుకు, పేడ పొలానికి. వాన తక్కువగా పడే మెట్ట ప్రాంతంలో ఇంతకంటే చవకైన ఏర్పాటు మరొకటి లేదు.

తెలుగునాట గుర్రం నిజంగా కూలి చేసే చోటు ఒకటుంది. విశాఖ మన్యం. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న కొండ పల్లెల్లో, రోడ్డు లేని గూడేలకు బియ్యం మూటలూ సంత సరుకులూ పొట్టి గుర్రాల వీపు మీదే ఎక్కించి తీసుకెళ్లేవారు. కాలిబాట మీద బండి నడవదు, ఎద్దుల జత పట్టదు. అక్కడ గుర్రమే సరి. నేలను బట్టి జంతువు, జంతువును బట్టి శిక్షణ.

ఒక తమాషా చూడండి. ఇంజను బలాన్ని కొలవడానికి జేమ్స్ వాట్ గుర్రాన్నే కొలమానంగా తీసుకున్నాడు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఎద్దు తన బరువులో పదో వంతు బలంతో గంటల తరబడి లాగగలదని ఒక అంచనా. అయిదేసి వందల కిలోలున్న రెండు ఎద్దులు గంటకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున నడుస్తూ లాగితే వచ్చే శక్తి 700 వాట్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే రైతు కొట్టంలో ఉన్న జత మొత్తం కలిపి సుమారుగా ఒక గుర్రం! ట్రాక్టరు ముందు అది ఏపాటి అనిపించవచ్చు. కానీ ఎకరం పొలాన్ని 20 సెంటీమీటర్ల వెడల్పు సాళ్లతో దున్నాలంటే ఆ జత, దాని వెనక మనిషి 20 కిలోమీటర్లు నడవాలి. ఆ లెక్కన మన తాతలు జీవితంలో ఎన్నిసార్లు భూమిని చుట్టి వచ్చి ఉంటారో!

గుండ్లకమ్మ బిడ్డలు

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుడుతుంది. కొండలు దిగి, కంభం చెరువును నింపి, మార్కాపురం మీదుగా తూర్పుకు సాగి ఒంగోలు వైపు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. ఆ నది కింది భాగంలో ఉన్న పచ్చిక నేలలే ఒంగోలు జాతికి పుట్టినిల్లు. తెల్లని ఒళ్లు, పొట్టి కొమ్ములు, ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు... చూడగానే పోల్చుకోవచ్చు. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడలకు చిహ్నంగా నిలిచిన ‘వీర’ కూడా ఒంగోలు గిత్తే.

గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. అందుకే ఇక్కడి సేద్యపు మాటల్లో సగం కోస్తావి, సగం సీమవి. ఒకరు నాగలి అంటారు, ఇంకొకరు మడక అంటారు. పేరు ఏదైనా లాగేది ఒంగోలు రక్తం ఉన్న ఎద్దే. ఈ జాతికి బరువు లాగడంలో పేరుంది. పరుగులో కాదు. నిదానంగా అడుగు వేస్తుంది, వేసిన అడుగు వెనక్కి తీయదు. మనిషికి లోబడే గుణం కూడా ఎక్కువ.

ఈ జాతి సముద్రాలు దాటిన కథ మీకు తెలిసిందే. నెల్లూరు పేరు మీద బ్రెజిల్‌లో అది ‘నెలోర్’ అయింది. 1960ల్లో ఒంగోలు పక్కనున్న కరవది నుంచి వెళ్లిన ఒక ఆబోతు అక్కడ ‘కర్వాది’ పేరుతోనే ఓ వంశానికి మూలపురుషుడైంది. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా దాదాపు 70 లక్షల రియాళ్లకు అమ్ముడుపోయింది. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ మన డబ్బులో 35 కోట్ల రూపాయల దాకా పలికింది. అయితే బ్రెజిల్ వాళ్లు నెలోర్‌ను పెంచేది మాంసం కోసం. అక్కడ దాని మెడ మీద కాడి లేదు. జాతి వెళ్లింది కానీ కాడి చదువు వెళ్లలేదు. అది ఇక్కడే ఉండిపోయింది.

పళ్లు చూసి బడిలో వేస్తారు

బడిలో చేర్చేటప్పుడు పిల్లాడి వయసు అడిగినట్టు, కోడెకు పళ్లు చూస్తారు. పశువుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, పైన ఉండవు. ముందు పాలపళ్లు. రెండు, రెండున్నరేళ్లకు మధ్యలోని రెండు ఊడి పెద్ద పళ్లు వస్తాయి. తర్వాత నాలుగు, ఆరు... అయిదో ఏటికి ఎనిమిదీ వచ్చి నోరు పూర్తవుతుంది. రెండు పళ్లు వేసిన కోడెను కాడికి మరపడం మొదలుపెడతారు. అంతకు ముందు బరువు పెడితే కీళ్లు దెబ్బతింటాయి. మరీ ముదిరాక మొదలుపెడితే మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టే.

కాడి కంటే ముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. ముకుతాడు వాటిలో ఒకటి. ముక్కు రంధ్రాల మధ్య ఉండే పల్చని పొరను పొడిచి తాడు ఎక్కిస్తారు. ఆ పుండు పూర్తిగా మానేదాకా తాడును లాగకూడదు. ఇక్కడ తొందరపడ్డవాడు జీవితాంతం ముక్కు ముట్టనివ్వని ఎద్దుతో వేగాల్సి ఉంటుంది. సేద్యానికి ఉంచుకునే కోడెకు విత్తులు నొక్కిస్తారు. పాత రోజుల్లో రాళ్ల మధ్య పెట్టి కొట్టేవారు. ఆ బాధ చెప్పనలవి కాదు. ఇప్పుడు పశువైద్యుడు బుర్డిజో పటకారుతో పని కానిస్తాడు.

ఇక అసలు పని, మచ్చిక. కోడె ఒంటి మీద చెయ్యి వేయాలి. గంగడోలు నిమరాలి, మూపురం గోకాలి, కాళ్లు ఎత్తి చూడాలి. రోజూ ఒకే మనిషి దాణా పెట్టాలి, ఒకే పేరుతో పిలవాలి. కొన్నాళ్లకు ఆ పేరు వినపడగానే చెవి తిప్పుతుంది. చెవి తిరిగిందంటే మొదటి అక్షరం వచ్చినట్టే.

జోడీ కుదర్చడం పెళ్లి సంబంధం కంటే కష్టం. ఎత్తు సమానంగా ఉండాలి, లేకపోతే కాడి ఒక పక్కకు ఒరిగి బరువంతా పొట్టిదాని మెడ మీద పడుతుంది. నడక వేగం కలవాలి. ఒకటి దుడుకు, ఒకటి మందకొడి అయితే ముందుకెళ్లేది వెనకదాన్ని ఈడ్చుకుపోతుంది. కొమ్ములు కలవాలి, రంగు కలవాలి అని కొందరు పట్టుబడతారు గానీ అవి సంత బేరానికి పనికొచ్చే సంగతులు. సాల్లో నడకే ముఖ్యం.

ఏ ఎద్దు ఏ పక్క అన్నది కూడా ముందే తేలాలి. కుడివైపుది వలపట ఎద్దు, ఎడమవైపుది దాపట ఎద్దు. ఒకసారి దాపటకు అలవాటుపడ్డ ఎద్దును వలపట కడితే తికమకపడుతుంది. మనకు ఎడం చేత్తో సంతకం చేయమన్నట్టు ఉంటుంది దానికి. అందుకే అమ్మేటప్పుడు ఇది దాపటది అని చెప్పి మరీ అమ్ముతారు.

మొద్దు, బండి, గొర్రు... ఆ తర్వాతే మడక

కొత్త కోడెను అనుభవమున్న ముసలి ఎద్దుకు జోడీగా కట్టడం అన్నిటికంటే మంచి పద్ధతి. మనిషి చెప్పలేనిది పక్కనున్న ఎద్దు చెబుతుంది. ఆగమంటే అది ఆగుతుంది, కోడెకూ ఆగక తప్పదు. తిరగమంటే అది తిరుగుతుంది. ఆ రకంగా పెద్దెద్దు ఊళ్లో సగం కోడెలకు పంతులు.

మొదటి రోజుల్లో ఒట్టి కాడి మాత్రమే. తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు మెడ మీద పెట్టి ఊరి బయట తిప్పి తెస్తారు. తర్వాత కాడికి తాడు కట్టి ఒక మొద్దును లాగిస్తారు. ఏటి ఇసుకలోనో, నీళ్లు ఇంకిన చెరువు నేలలోనో లాగించడం ఎందుకంటే అక్కడ కాలు జారినా దెబ్బ తగలదు, పైగా మెత్తని నేలలో కోడె త్వరగా అలిసి దుడుకు తగ్గుతుంది. వెనక ఏదో గరగరమంటూ వస్తోందన్న భయం పోవాలి. ఆ భయం పోవడమే ఈ పాఠం.

తర్వాత ఖాళీ బండి. బండి నొగల మధ్యకు వెనక్కి నడిచి రావడం కోడెకు కష్టమైన పాఠం, ఎందుకంటే పశువుకు వెనక్కి నడవడం ఇష్టముండదు. ఆ తర్వాత గొర్రు, గుంటక. చివరగా మడక. దున్నేటప్పుడు ఒక ఎద్దు దున్నిన సాల్లో, రెండోది దున్నని నేల మీద నడవాలి. సాలు చివర తిరిగేటప్పుడు లోపలి ఎద్దు నిలబడ్డచోటే అడుగు తొక్కాలి, బయటిది చుట్టూ తిరిగి రావాలి. ఈ తిప్పుడు వచ్చిందంటే చదువు పూర్తయినట్టే.

ఈ మధ్యలో మెడను కనిపెట్టుకుని ఉండాలి. కాడి ఒరుసుకున్న చోట చర్మం ఎర్రబడితే ఆ రోజుతో పని ఆపేయాలి. మెల్లగా కాయ కాస్తే మెడ గట్టిపడుతుంది. పుండు పడితే నెలల తరబడి పనికి రాదు. పుండు మీదే కాడి పెట్టినవాణ్ని ఆ ఎద్దు మళ్లీ నమ్మదు.

కాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. రాళ్ల నేలలో, తారు రోడ్డు మీద నడిచే ఎద్దుకు లాడాలు కొట్టిస్తారు. గుర్రం గిట్ట ఒకటే కాబట్టి కాలికి ఒక లాడం. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు చొప్పున నాలుగు కాళ్లకూ ఎనిమిది రేకులు. గుర్రం నిలబడి కొట్టించుకుంటుంది. ఎద్దును పడుకోబెట్టి కాళ్లు కట్టి కొట్టాలి. ఈ పని తెలిసినవాళ్లు ఊరూరా తిరిగేవారు. వాళ్ల కోసం ఇప్పుడు వెతుక్కోవాల్సిందే.

పగ్గం పట్టేవాడికీ పరీక్షే

గుర్రం మీద కూర్చున్న రౌతుకు ఒక సౌకర్యముంది. అతను మడమతో తడితే, బరువు కాస్త పక్కకు మార్చితే గుర్రం వీపుతోనే అర్థం చేసుకుంటుంది. సేద్యగాడు ఎద్దు మీద కూర్చోడు. వెనక నడుస్తాడు. పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా వెనక ఉన్నది తప్ప. అంటే సేద్యగాడు నిలబడేది ఎద్దుకు కనపడని చోట! కనపడని మనిషి మాట విని నడవాలంటే ఆ గొంతు మీద, ఆ పగ్గం మీద నమ్మకం ఉండాలి.

అందుకే గొంతు మార్చకూడదు. అదిలింపుకు ఒక కూత, ఆపడానికి ఒక కూత, తిప్పడానికి ఒకటి. ఏ కూత అన్నది ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. ఒక ఇంట్లో మాత్రం మారకూడదు. తండ్రి ఒక రకంగా, కొడుకు ఇంకో రకంగా అదిలిస్తే ఎద్దు ఇద్దరి మాటా వినదు. (పిల్లల పెంపకంలోనూ ఇంతేనేమో!)

పూర్వం ఈ చదువు పుస్తకంలో లేదు. కుర్రాడు ముందు గొడ్లు కాసేవాడు. ఏ ఎద్దుకు ఏది ఇష్టమో, ఏది ఎప్పుడు పొడుస్తుందో అక్కడే తెలిసేది. తర్వాత బండి తోలడం. ఆ తర్వాత గుంటక. మేడి పట్టనివ్వడం చివరికి. గొర్రు తోలే పని ఇంకా ఆలస్యంగా చేతికి వచ్చేది, ఎందుకంటే గొర్రు సాలు వంకర పోతే పంట కోసేదాకా ఊరంతా చూస్తుంది. గొర్రు వెనక జడ్డిగంలో విత్తనాలు పోసే ఆడవాళ్ల చెయ్యి ఎద్దుల అడుగును బట్టి నడుస్తుంది. జత ఒకే తీరున నడిస్తే గింజ ఒకే దూరంలో పడుతుంది. జత కుదిపితే ఒకచోట గుప్పెడు, ఇంకోచోట సున్నా. మొలక వచ్చాక చూస్తే ఎద్దుకు ఎంత చదువొచ్చిందో, తోలేవాడికి ఎంత చేతనైందో, పోసిన చెయ్యి ఎంత నేర్పున్నదో మూడూ మట్టి మీద రాసి ఉంటాయి.

కొట్టి నేర్పేవాళ్లు లేరా అంటే ఉన్నారు. ములుగర్ర చివర మేకుతో పొడిచి నడిపించిన జతలు ఎన్నో. అలా నడిచే ఎద్దు నొప్పి ఉన్నంతసేపే నడుస్తుంది. పొడిచే మనిషి పక్కకు వెళ్లగానే ఆగిపోతుంది. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 1965 నాటి కేంద్ర నిబంధనలు బండి లాగే, బరువు మోసే జంతువులకు మేకులున్న కర్రలు వాడకూడదని చెబుతున్నాయి. రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఒకేసారి 5 గంటలకు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీల సెల్సియస్ దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కాడి కట్టకూడదు. గుర్రాలకూ ఎద్దులకూ ఒకటే నియమం. గిద్దలూరు ఎండలు తెలిసినవాళ్లకు ఆ మూడు గంటల విలువ వేరే చెప్పక్కర్లేదు. నిజానికి పాత సేద్యగాళ్లు ఈ చట్టం పుట్టకముందే తెల్లవారుజామున కాడి కట్టి ఎండ ముదిరేలోగా విప్పేవారు. ఎద్దు రోజులో ఏడెనిమిది గంటలు నెమరు వేయాలి. ఆ సమయం ఇవ్వకపోతే ఎంత మేపినా ఒంటికి పట్టదు.

బండ బడి వేరు, పొలం బడి వేరు

ఇంత చదివాక మీకో అనుమానం రావచ్చు. సంక్రాంతికీ శివరాత్రికీ తిరునాళ్లకూ బండలాగుడు పందేలు జోరుగా జరుగుతున్నాయి కదా, లక్షలు పోసి గిత్తలను కొంటున్నారు కదా, మరి ఈ చదువు తగ్గిపోయిందంటారేమిటి?

పందేల వల్ల జాతికి మేలు జరిగిన మాట నిజం. మేలైన గిత్తకు గిరాకీ ఉంది కాబట్టే మేలైన దూడను కొందరు అట్టిపెడుతున్నారు. పందెపు గిత్తలకు ఉలవలు, పత్తి గింజలు పెట్టి ఒళ్లు నిగనిగలాడేలా పెంచుతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసుల వారీగా విభాగాలు పెట్టి, నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగుల దూరం లాగాయో కొలుస్తారు. అందులోనూ శిక్షణ ఉంది. కానీ అది వేరే బడి. అక్కడ కావాల్సింది ఒక్కసారిగా వచ్చే ఊపు. చుట్టూ ఈలలు, కేకలు, వెంట పరిగెత్తే మనుషులు. పొలంలో కావాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. నిదానం, మౌనం, ఒకే తీరు అడుగు. పందెంలో గెలిచిన గిత్తను తెచ్చి కంది సాళ్ల మధ్య గుంటకకు కడితే కందితో పాటు గుంటకనూ ఈడ్చుకుపోతుంది. సేద్యపు ఎద్దుల కోసం విడిగా ఒక విభాగం పెట్టే పందేలు ఉన్నాయంటేనే ఈ రెండూ వేరని నిర్వాహకులకు తెలుసన్నమాట.

2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ తప్పుపట్టింది. 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణ చట్టాలను సమర్థించింది. ఆ వాదం వేరు. ఇక్కడ చెప్పేది ఒకటే. బండకు మరిపిన గిత్తలు ఎన్ని ఉన్నా, సాలుకు మరిపిన ఎద్దుల లోటు తీరదు.

ట్రాక్టరు దూరని చోట

లోటు ఎవరికి? ట్రాక్టరు ఉండగా ఎద్దులెందుకు?

దుక్కికి ట్రాక్టరే మేలు. అందులో వాదన లేదు. పది ఎకరాలు ఒక పూటలో దున్నేస్తుంది, ఎండాకాలం గట్టిపడ్డ నేలనూ చీలుస్తుంది. మేపక్కర్లేదు, మెడకు మందు రాయక్కర్లేదు. చిక్కు తర్వాత వస్తుంది. పైరు మోకాలెత్తు వచ్చాక సాళ్ల మధ్య కలుపు తీయాలి, మట్టి కదిలించాలి. కంది, పత్తి, పొగాకు, మిరప... ఏదైనా సరే. పెద్ద ట్రాక్టరు చక్రం అందులో దూరితే పైరు పోతుంది. జత ఎద్దులు మూతికి చిక్కం కట్టుకుని, మొక్కను తొక్కకుండా సాలు వెంట సాగిపోతాయి. చిక్కం లేకపోతే దారి పొడవునా మేస్తూ పోతాయనుకోండి, అది వేరే సంగతి. చిన్న యంత్రాలు వచ్చాయి గానీ వాటికీ పెట్టుబడి కావాలి, నూనె కావాలి, నడిపేవాడి చేతులకు బలం కావాలి.

రెండో చిక్కు పదును. మెట్ట పొలంలో వాన పడ్డాక విత్తడానికి నేలలో సరైన తడి ఉండేది ఒకటి రెండు రోజులే. ఆ రెండు రోజుల్లో ఊరందరికీ గొర్రు కావాలి. సొంత జత ఉన్నవాడు తెల్లారేసరికి పొలంలో ఉంటాడు. లేనివాడు అద్దె అరక కోసం తిరుగుతుంటాడు. వరస వచ్చేసరికి పదును ఆరిపోతుంది. రెండు మూడెకరాల మెట్ట రైతుకు ఏడాది పంట ఆ రెండు రోజుల మీద నిలబడి ఉంటుంది. ఎద్దులు కొనుక్కోవచ్చు కదా అంటే, మరిపిన జత దొరకాలి. కోడెలను కొని మరపవచ్చు కదా అంటే, మరిపే మనిషి దొరకాలి.

ఎద్దుల సేద్యాన్ని ఆధునికం చేద్దామని ప్రయత్నాలు జరగకపోలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1970ల్లో చక్రాల మీద నడిచే ఒక బహుళ పనిముట్టును ప్రోత్సహించింది. రైతు దాని మీద కూర్చుని దున్నవచ్చు, విత్తవచ్చు, గుంటక తోలవచ్చు. పనిముట్టు బాగానే పనిచేసింది. ధర మాత్రం జత ఎద్దుల ధరతో పోటీ పడింది. రైతులు తీసుకోలేదు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ కూడా పశుశక్తి మీద ఏళ్ల తరబడి పరిశోధనలు నడిపింది. ఈ ప్రయత్నాలన్నిటిలో దృష్టి ఎక్కువగా కాడి మీదా గొర్రు మీదా పడింది. కోడెను మరిపే మనిషిని తయారుచేయడం మీద అంతగా పడలేదని నాకనిపిస్తుంది.

క్యూబా కథ ఇక్కడ పనికొస్తుంది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ దేశానికి డీజిల్ రావడం, విడిభాగాలు రావడం ఆగిపోయాయి. ట్రాక్టర్లు షెడ్లలో నిలబడ్డాయి. పొలం ఆగదు కదా! ప్రభుత్వం ఎద్దుల వైపు తిరిగింది. పదేళ్లలో వాటి సంఖ్య రెట్టింపు దాటింది. ఎద్దులను పెంచడం తేలికే అయింది గానీ, వాటిని మరపడం తెలిసినవాళ్లు పాత రైతుల్లోనే మిగిలారు. వాళ్లను వెతికి పట్టుకుని కుర్రాళ్లకు నేర్పించుకున్నారు. ఒక తరం ఆలస్యమై ఉంటే నేర్పేవాళ్లే ఉండేవారు కాదు.

గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, అర్ధవీడు... ఈ మండలాల పల్లెల్లో డెబ్భై దాటిన సేద్యగాళ్ల సంగతి కూడా అదే. వాళ్ల కొడుకులు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. మనవలకు సెలవుల్లో ఎద్దును చూస్తే ఫొటో దిగాలనిపిస్తుంది. పగ్గం పట్టాలనిపించదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఏటా రెండెద్దులను మేపే ఖర్చు, పనిలేని రోజుల్లోనూ వాటిని కనిపెట్టుకుని ఉండే మనిషి ఖర్చు లెక్కేస్తే చిన్న రైతుకు గుండె ఆగినంత పనవుతుంది.

అందుకే పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. పొత్తు. ఇద్దరు రైతులు చెరొక కోడెను కొంటారు. జతగా కడతారు. పని రోజులు పంచుకుంటారు. మేత ఎవరిది వారిది. ఒక్క ఎద్దును మేపడం ఎవరికైనా సాధ్యమే. ఇందులో తెలివైనవాళ్లు పాటించే చిన్న జాగ్రత్త ఒకటుంది. కొన్న కొత్తలో నెలా రెండు నెలలు రెండు కోడెలనూ ఒకే కొట్టంలో, ఒకే గాటికి కడతారు. ఏది దాపటో ఏది వలపటో ముందే తేల్చుకుని, కొట్టంలోనూ అటు పక్కదాన్ని అటే, ఇటు పక్కదాన్ని ఇటే కడతారు. అలా పక్కపక్కనే తిని, పక్కపక్కనే పడుకుని నెమరు వేసిన జత తర్వాత వేరు వేరు ఇళ్లలో ఉన్నా, కాడి దగ్గరికి రాగానే ఎవరూ చెప్పకుండానే తన పక్కకు వెళ్లి మెడ వంచుతుంది.